నట్టింట్లో సముద్రం

(బి.జెడ్.సి. తృతీయ సంవత్సరం విద్యార్థి)

పోయినేడు వేసవి సెలవుల్లో ఒక రాత్రి మా పెదనాన్నగారబ్బాయి టెక్సస్ నుంచి ఫోను చేశాడు. "ఒరే తమ్ముడూ, హాల్లో ఆరడుగుల గాజు తొట్టి పెట్టి అందులో పగడాలు పెంచుదామనుకుంటున్నా. నువ్వు జువాలజీ చదువుతున్నావుగా, ఓ ప్లాను రాసి పంపు" అన్నాడు. అంతకుముందు అన్నయ్య దగ్గర చిన్న తొట్టి వుండేది. 2021 ఫిబ్రవరిలో టెక్సస్‌లో మంచు తుఫాను వచ్చి రోజుల తరబడి కరెంటు పోయినప్పుడు అందులోవన్నీ చచ్చిపోయాయి. ఈసారి పెద్దది, పదికాలాలు నిలిచేది కావాలన్నాడు.

నేను పగడాన్ని మ్యూజియం సీసాలో తప్ప ప్రాణంతో చూసినవాణ్ణి కాను. అయినా అన్నయ్య దగ్గర తెలియదని చెప్పడం నామోషీ అనిపించి ఒప్పేసుకున్నాను. నెల్లాళ్ళు కూర్చుని చదివాను. ఆ చదివినదీ, తరవాత జరిగినదీ మన సంచిక పాఠకుల కోసం పాఠంగా రాస్తున్నాను. ఈ పాఠంలో తప్పు చేసిన విద్యార్థిని కూడా నేనే.

పగడం అంటే

పగడం రాయీ కాదు, చెట్టూ కాదు. మనం చదువుకున్న హైడ్రాకి దూరపు చుట్టం. నిడేరియా వర్గానికి చెందిన జంతువు. దిబ్బలు కట్టే జాతుల్లో ఒక్కొక్క పాలిప్ చాలా చిన్నది. అది నీటిలోని కాల్షియాన్నీ కార్బొనేటునీ తీసుకొని తన కింద సున్నపు గూడు కట్టుకుంటుంది. వేలాది పాలిప్‌లు తరతరాలుగా కట్టిన గూళ్ళే పగడాల దిబ్బ. దీని కణాల్లో జూజాంథెల్లే అనే ఏకకణ శైవలాలు కాపురముంటాయి. అవి వెలుగులో తయారుచేసుకున్న ఆహారంలో చాలా భాగం పగడానికి ఇస్తాయి. పగడం విసర్జించే నత్రజని పదార్థాలను అవి ఎరువుగా వాడుకుంటాయి. కౌలురైతుకీ భూమి ఆసామికీ వుండే ఒప్పందం లాంటిది, కాకపోతే తగాదాలు తక్కువ. తగాదా వచ్చేది నీరు వేడెక్కినప్పుడు. సముద్రంలో మామూలు వేసవి వేడికంటే ఒక డిగ్రీ ఎక్కువై కొన్ని వారాలుంటే చాలు, పగడం శైవలాలను వెళ్ళగొట్టి తెల్లబడుతుంది. వేడి తగ్గకపోతే ఆకలితో చస్తుంది.

కాబట్టి తొట్టిలో అమర్చవలసినవి నాలుగు: వెలుగు, నిలకడైన వేడి, మలినం లేని నీరు, సున్నం.

ఇది కొత్త సరదా కాదు. 1846లో ఆనా థైన్ అనే ఇంగ్లీషు మహిళ టార్కీ తీరంలో దొరికిన సజీవ పగడాలను జాడీలో పెట్టి లండనుకు తీసుకువెళ్ళింది. నీటికి గాలి తగలాలని ఆవిడ పనిమనిషి కిటికీ దగ్గర నిలబడి ఆ నీటిని ఒక పాత్రలోంచి ఇంకో పాత్రలోకి పోస్తూ వుండేది, టీ కొట్లో టీ తిరగబోసినట్టు. మా రొయ్యల చెరువులో తిరిగే ఏరేటర్లకి ఆ పనిమనిషే పూర్వీకురాలని నా ఉద్దేశం. 1961లో ఇండోనేషియాకి చెందిన లీ చిన్ ఎంగ్ సముద్రపు రాళ్ళను వాటినంటుకున్న జీవాలతో సహా తొట్టిలో పెట్టి, గాలిబుడగలు తప్ప పెద్ద యంత్రమేదీ లేకుండా పగడాలను పెంచే పద్ధతిని వివరించాడు. ఇప్పటి తొట్టెలన్నీ ఆ దారినే వచ్చాయి.

చోటు, బరువు

ఆరడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, రెండడుగుల ఎత్తు అంటే 24 ఘనపుటడుగులు. ఒక్కో ఘనపుటడుగుకి 28.3 లీటర్ల చొప్పున సుమారు 680 లీటర్లు. సముద్రపు నీరు మంచినీటికంటే కాస్త బరువు కాబట్టి నీరే 700 కిలోలు. గాజు, రాళ్ళు, ఇసుక, స్టాండు కలుపుకుంటే టన్ను. అంటే 75 కిలోల ధాన్యం బస్తాలు పదమూడు ఒక్క మంచం మీద పేర్చినట్టు. అందుకని మేడమీద చెక్క నేల పనికిరాదు. కింది అంతస్తులో కాంక్రీటు నేల మీదే పెట్టాలి. కిటికీ ఎండ నేరుగా పడే చోటూ పనికిరాదు, నీరు వేడెక్కి నాచు పడుతుంది.

పెద్ద తొట్టి కింద ఇంకో చిన్న తొట్టి వుంటుంది. పైనుంచి పొర్లిన నీరు గొట్టం గుండా అందులోకి దిగుతుంది, పంపు దాన్ని మళ్ళీ పైకి ఎక్కిస్తుంది. హీటరు వగైరా పరికరాలన్నీ కిందే దాగి వుంటాయి. కరెంటు పోయి పంపు ఆగితే పైనీరు కొంత కిందికి జారుతుంది. ఆ నీటికి సరిపడా ఖాళీ కింద ముందే వదలకపోతే హాలంతా సముద్రమే!

నీరు, ఉప్పు

కుళాయి నీటిలో క్లోరిన్ మందు, ఫాస్ఫేటు, ఒక్కోసారి గొట్టాల రాగి వుంటాయి. రాగి కొద్దిగా వున్నా వెన్నెముక లేని జీవులకు విషం. అందుకని అన్నీ వడగట్టేసిన నీరు తీసుకొని అందులో సముద్ర లవణాల మిశ్రమం లీటరుకి 35 గ్రాముల లెక్కన కలపాలి. 680 లీటర్లకి సుమారు 24 కిలోలు. వంటుప్పు చాలదు. సముద్రంలో సోడియం క్లోరైడే కాక మెగ్నీషియం, కాల్షియం, పొటాషియం లవణాలు కూడా వున్నాయి.

ఇక్కడో చిన్న లెక్క. రోజుకి 10 లీటర్లు ఆవిరైతే వారానికి 70 లీటర్లు. ఆవిరయ్యేది నీరే, ఉప్పు ఎక్కడికీ పోదు. 680 లీటర్ల ఉప్పు 610 లీటర్లలో మిగిలితే 35 గ్రాములు 39 అవుతుంది. పగడానికది ప్రమాదం. తగ్గిన మేర రోజూ మంచినీరే పొయ్యాలి, ఉప్పునీరు కాదు. ఎండాకాలం ఉప్పునీటి చెరువులో నీరు చిక్కబడడం చూసినవాళ్ళకి ఇది వేరే చెప్పనక్కర్లేదు.

మలినం తియ్యడానికి నురుగు యంత్రం వుంటుంది. సన్నని గాలిబుడగలకు ప్రొటీన్లు అంటుకొని నురుగై పైకి పొంగుతాయి, ఆ నురుగుని గిన్నెలో పట్టి పారబోస్తాం. బెల్లం వండేటప్పుడు మడ్డి తీసినట్టే.

రాయి, బాక్టీరియా

అన్నిటికంటె ముఖ్యమైన పని కంటికి కనబడనిది. చేప విసర్జించేదీ, కుళ్ళిన మేతా అమ్మోనియా అవుతాయి. ఒక జాతి బాక్టీరియా దాన్ని నైట్రైటుగా, మరో జాతి ఆ నైట్రైటుని నైట్రేటుగా మారుస్తాయి. ఈ సంగతి 1890 ప్రాంతంలో వినోగ్రాడ్‌స్కీ నేలలోని బాక్టీరియాతో నిరూపించాడు. మనం చేలో చల్లిన యూరియాకి జరిగేదీ ఇదే. రాయి లోపలి సన్నని రంధ్రాల్లో ఆక్సిజన్ అందని చోట ఇంకొక రకం బాక్టీరియా నైట్రేటుని నత్రజని వాయువుగా మార్చి గాలిలోకి వదులుతుంది. వరిచేలో బురద పైపైన చల్లిన యూరియా సగం గాలికి పోతుందని పెద్దలు అనడంలో ఇదీ ఒక కారణం. చేలో నష్టమైనదే తొట్టిలో లాభం.

వెలుగు, సున్నం

నీలివన్నె ఎక్కువగా వున్న ఎల్.ఇ.డి. దీపాలు రోజుకి ఎనిమిది నుంచి పది గంటలు వెలగాలి. వేడి 25, 26 డిగ్రీల దగ్గర కదలకుండా వుండాలి. కాల్షియం లీటరుకి 420 మిల్లీగ్రాముల దరిదాపుల్లో వుండాలి. పగడాలు పెరిగేకొద్దీ అది తరిగిపోతుంది. భర్తీ చేసే మార్గాల్లో ఒకటి మనకు చిన్నప్పటి నుంచీ తెలిసిన సున్నపు తేట! పీటర్ విల్కెన్స్ అనే ఐరోపా నిపుణుడు దీన్ని ప్రచారంలోకి తెచ్చాడు. క్షారగుణం చాలా ఎక్కువ కాబట్టి చుక్క చుక్కగా, రాత్రిపూట పడేలా పెట్టాలి. పగలు కిరణజన్య సంయోగక్రియ వల్ల పి.హెచ్. పెరుగుతుంది, రాత్రి తగ్గుతుంది. తగ్గిన వేళ సున్నం దాన్ని నిలబెడుతుంది. మా నాన్న చెరువులో సున్నం చల్లించేటప్పుడు ఈ మాటలు వాడరు గాని చేసేది దాదాపు ఇదే.

ఇక కరెంటు పోతే మొదట తరిగేది ఆక్సిజన్. అందుకని బ్యాటరీతో నడిచే గాలిపంపు ఒకటి సిద్ధంగా వుండాలి.

మరిచిపోయిన గడి

ఇవన్నీ గళ్ళు గీసి, అంకెలు వేసి పంపాను. అన్నయ్య తుచ తప్పకుండా అమర్చాడు. నీరు అద్దంలా వుందన్నాడు. పదకొండో రోజున ఆరు చేపలు వేశాడు. పదిహేనో రోజుకి ఒక్కటీ మిగల్లేదు. "నీ ప్లానులో చేపలు ఎప్పుడు వెయ్యాలో లేదురా" అన్నాడు. కోపంగా కూడా కాదు. చూసుకుంటే నిజమే, ఆ గడి లేదు.

అతను కొన్నది శుభ్రం చేసిన ఎండు రాయి. దాని మీద పనిచేసే బాక్టీరియా ఇంకా పుట్టలేదు. అమ్మోనియా పేరుకుంది. పైగా సముద్రపు నీటి పి.హెచ్. 8.2. పి.హెచ్. 7 వున్న మంచినీటితో పోలిస్తే అమ్మోనియాలో విషరూపంలో వుండే భాగం ఇక్కడ పది రెట్ల పైన. నీరు అద్దంలా కనబడుతూనే చంపింది.

ఇది నాకు తెలియక జరిగిందంటే సరిపెట్టుకోవచ్చు. కాని నాకు తెలుసు. రెండేళ్ళ కిందట నాన్నకి జ్వరమొచ్చి పదిరోజులు మంచాన పడితే, రెండెకరాల చెరువు నా మీద వదిలారు. "నీళ్ళు ఇంకా రంగు తిరగలేదు, వారమాగి సీడు వేయించు" అన్నారు. నీళ్ళు తేటగా, బావున్నట్టే కనబడ్డాయి. సీడు బండి గట్టు మీదకి వచ్చేసింది. రెండు లక్షల పిల్ల వేయించాను. నాలుగు రోజుల్లో చెక్ ట్రేలో రొయ్యపిల్ల కనబడడం మానేసింది. ఆ యేడు నా హాస్టలు ఫీజు అమ్మ గాజులు బ్యాంకులో పెట్టి కట్టారు. నాన్న తిట్టలేదు. "పెంచాల్సింది రొయ్యని కాదురా, నీళ్ళని. నీళ్ళు పెరిగితే రొయ్య దానంతటదే పెరుగుద్ది" అన్నారు, అంతే.

ఆ మాట విన్నవాణ్ణి, టెక్సస్‌కి లీటర్లూ గ్రాములూ పంపాను గాని ఆ మాట పంపలేదు. పుస్తకంలో లేదు కాబట్టి అది సైన్సు కాదనుకున్నానేమో.

రెండో ప్లాను

రెండో ప్లానులో మొదటి గడి "ఆగడం". తొట్టిలో ఏ జీవీ లేకుండా, నీటిలో కొద్దిగా అమ్మోనియం క్లోరైడు కలిపి బాక్టీరియాకే మేత పెట్టమన్నాను. ఇక్కడ నేనూ ఒక బకెట్టులో ఉప్పునీరు పోసి, మా చెరువు గట్టు దగ్గర నీళ్ళలో నానిన గులకరాళ్ళు గుప్పెడు వేసి, చిన్న గాలిపంపు పెట్టాను. రోజూ ఇద్దరం పరీక్ష కిట్టుతో కొలిచి ఫోనులో అంకెలు చెప్పుకునేవాళ్ళం. మొదట అమ్మోనియా తగ్గి నైట్రైటు లేచింది. తరవాత నైట్రైటు పడిపోయి నైట్రేటు కనబడింది. కలిపిన అమ్మోనియా ఒక్క రోజులో మాయమై, నైట్రైటు కూడా మిగలకపోతేనే నీరు తయారైనట్టు. నా బకెట్టుకి 33 రోజులు, అన్నయ్య తొట్టికి 38 రోజులు పట్టింది.

ఆ తరవాత కూడా తొందర లేదు. ముందు నాచు తినే నత్తలు, నెల తరవాత రెండు చేపలు, ఆ పైన మెత్తని పగడాలు, నీటి అంకెలు కదలకుండా నిలిచాక చివరికి రాతి పగడాలు. ఇవేవీ సముద్రంలోంచి తీసినవి కావు. తొట్టెల్లో పెంచిన పగడం నుంచి చిన్న ముక్క విరిచి రాయికి అంటిస్తే అది కొత్త పగడమవుతుంది. చెరకు ముచ్చె నాటినట్టు. చేపలూ హాచరీలో పుట్టినవే.

మన సంగతి

మిత్రులెవరైనా ఇక్కడ ప్రయత్నిద్దామనుకుంటే ఒక్క హెచ్చరిక. మన్నార్, కచ్ సింధుశాఖల్లో, లక్షద్వీప్‌లో, అండమాన్ నికోబార్ దీవుల్లో మనకు పగడాల దిబ్బలున్నాయి. రాతి పగడాలన్నిటినీ 2001లో వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో చేర్చారు. పులి వున్నదీ ఆ షెడ్యూలులోనే. వాటిని తియ్యడం, అమ్మడం, కొనడం నేరం. ఎవరైనా చాటుగా అమ్ముతామన్నా కొనవద్దు. నత్రజని చక్రాన్ని కళ్ళారా చూడడానికి నా బకెట్టు చాలు. దానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు, ఖర్చూ స్వల్పం.

సంక్రాంతికి ఇంటికి వెళ్ళినప్పుడు అన్నయ్య వీడియో ఫోనులో తొట్టి చూపించాడు. రాళ్ళ మీద ఊదారంగు పొర పట్టింది. పాలిప్‌లు విచ్చుకొని ప్రవాహానికి వరి పైరులా ఊగుతున్నాయి. అమ్మ దణ్ణం పెట్టినంత పని చేసింది. నాన్న చాలాసేపు చూసి, "చేప వెయ్యడానికి ఎన్నాళ్ళు ఆగాడ్రా?" అని అడిగారు.

"ముప్పయ్యెనిమిది రోజులు నాన్నా."

"నీకంటే నయం" అని మేత బస్తా భుజానికెత్తుకొని గట్టు మీదకి వెళ్ళిపోయారు.