అద్దె యింటి కాపురము

చదువవలసిన భాగములు: అపొ. కార్య. 28:16–31, యిర్మీయా 28, 29 అధ్యాయములు, ఆదికాండము 23వ అధ్యాయము.



మేడ్చల్ నుండి సికిందరాబాదుకు పోవు త్రోవలో, అల్వాలును ఆనుకొని మచ్చ బొల్లారం అను ఊరున్నది. ప్రక్కనే బొల్లారం కంటోన్మెంటు. దూరపు చోట్లనుండి వచ్చి, కొన్ని యేండ్లు అక్కడ గడపి, మరల వెళ్లిపోవు మనుష్యులను ఆ ప్రాంతము ఏనాటినుండియో ఎరుగును. బొల్లారములో 1847లో కట్టబడిన హోలీ ట్రినిటీ దేవాలయమున తొలిదినములలో ఆరాధించినవారు అట్టి పరవాసులే. నేడు వచ్చువారు మనవారు. అల్వాలు మునిసిపాలిటీ 2007లో హైదరాబాదు మహానగరములో కలిసినది. పొలములు ప్లాట్లయినవి, ప్లాట్లపై అంతస్తులు లేచినవి, అంతస్తులలో పోర్షన్లు ఏర్పడినవి, గేట్లకు ‘టూలెట్’ బోర్డులు వ్రేలాడుచున్నవి.

మీ సంఘపు పట్టీ తీసి చూడుడి. ఆదివారము కనబడని పేర్లలో కొన్నియైనను అటువంటి పోర్షన్లలో కాపురముండువారివే. ఒకడు ఫ్యాక్టరీ పనికి పోయెను. ఒక చెల్లెలు ఆసుపత్రిలో నర్సు. ఒక కుటుంబము పిల్లల చదువు కొరకు పోయెను. వారు వెళ్లునప్పుడు “కొంతకాలమే గదా అయ్యగారూ” అని చెప్పిరి. ఆ కొంతకాలము అయిదేండ్లు, తొమ్మిదేండ్లు అయినది. మన ప్రాంతపు వాడుకలో దానిని కిరాయి యిల్లు అందుము, వేదపుస్తకము అద్దె యిల్లు అనును. ఈ నెల మన పాఠము ఆ యింటిని గూర్చినదే.

అపొస్తలుల కార్యముల గ్రంథము ఎక్కడ ముగియుచున్నదో ఎప్పుడైన గమనించితిరా? దేవాలయములోనూ కాదు, చెరసాలలోనూ కాదు. రోమా పట్టణమందు ఒక అద్దె యింటిలో ముగియుచున్నది. పౌలు అక్కడ నిండు రెండు సంవత్సరములు ఉండెనని లూకా వ్రాయుచున్నాడు. మన తెలుగు తర్జుమాదారులు ఆ చోట ‘కాపురము’ అను మాట వేసిరి. మంచి మాట వేసిరని నా తలంపు. కాపురమనగా బసచేయుట కాదు. పొయ్యి రాజేసి, గుమ్మము ఊడ్చి, ఇరుగుపొరుగువారి మంచిచెడ్డలలో పాలుపొందుట కాపురము. గ్రీకు మూలములో లూకా వాడిన మాటకు కూలి, చెల్లించిన వెల అను అర్థమున్నది. కాబట్టి కొందరు పండితులు ‘తన స్వంత ఖర్చుతో’ అని తర్జుమా చేయుదురు. ఎట్లు చెప్పినను సంగతి ఒకటే: పౌలు లెక్క చెల్లించి ఉండినవాడు.

ఆ దినములలో రోమాలో స్వంత గృహము ధనవంతులకే చెల్లెను. సామాన్య జనులలో బహుమంది ఇన్సులాలను అద్దె మేడలలో గదులు తీసికొని ఉండిరి. క్రింద అంగళ్లు, వాటిపైన అంతస్తులు. పైకి పోయినకొలది అద్దె తగ్గును, నీళ్లు మోయుట పెరుగును. ఈ లెక్క మచ్చ బొల్లారములో నాలుగవ అంతస్తున లిఫ్టు లేక ఉండువారికి నేను విప్పి చెప్పనక్కరలేదు. ఆ మేడలు కూలుచుండెను, తగలబడుచుండెను. వాటి ఎత్తు 70 రోమా అడుగులు మించరాదని ఔగుస్తు కైసరు ఆజ్ఞ పెట్టవలసి వచ్చెను. రోమాకు రేవైన ఓస్తియా పట్టణమున అటువంటి మేడల గోడలను నేటికిని చూడవచ్చును.

అట్టి పట్టణములో పౌలువంటి మనుష్యునికి ఇల్లిచ్చినవాడెవడు? అతని పేరు గ్రంథములో లేదు గాని, అతడు చేసిన పని చూడుడి. కిరాయిదారుడు ఖైదీ. చేతికి సంకెల. తలుపునొద్ద సిపాయి కావలి. నియమించిన ఒక దినమున అనేకులు ఆ బసకు వచ్చి ఉదయమునుండి సాయంకాలమువరకు వాదములు వినిరి. మనలో ఎవరు ఒప్పుకొందుము? ఇల్లడుగ వచ్చినవానిని “మీరు ఏమిటోళ్లు? ఏమి తిందురు? ఎందరుందురు? చుట్టములు ఎక్కువగా వత్తురా?” అని అడుగు ఓనర్లున్న కాలమిది. ఈ ప్రశ్నలలో మొదటిదానికి జవాబు చెప్పి, మెట్లు దిగి వెనుకకు వచ్చినవారు మన సంఘములలో ఉన్నారు.

ఇప్పుడు కిరాయిదారుని తట్టు మాట. యెరూషలేమునుండి బబులోనుకు చెరగా పోయినవారిని గూర్చి ఇద్దరు ప్రవక్తలు రెండు లెక్కలు చెప్పిరి. రెండేండ్లలో అంతయు సరియగునని హనన్యా చెప్పెను. డెబ్బది యేండ్లని యిర్మీయా చెప్పెను. హనన్యా మాటయే చెవికి తియ్యగా ఉండును. ఆ మాట నమ్మినవాడు పెట్టె విప్పడు, చెట్టు నాటడు, పొరుగువాని పేరు అడుగడు. యిర్మీయా అయితే చెరలోనున్నవారికి ఉత్తరము వ్రాసి, ఇండ్లు కట్టుకొనుడి, తోటలు వేసికొనుడి, పిల్లలకు పెండ్లిండ్లు చేయుడి, మీరున్న పట్టణపు క్షేమము కొరకు ప్రార్థించుడి అని చెప్పి పంపెను. హనన్యా లెక్కతో బ్రదుకు మనవారిని నేను చూచియున్నాను. ఊరి సంఘములో పేరుండును, అక్కడికి పోవుట క్రిస్మస్సుకు మాత్రమే. ఉన్నచోట గుడి రెండు వీధుల దూరములోనే ఉండును గాని “మాది ఇక్కడ కాదు గదా” అందురు. ఈలోగా పిల్లలు ఏ సంఘమునకును చెందనివారై పెరుగుదురు. ఊరిలో నున్న తలిదండ్రులారా, మీ పిల్లలు అక్కడి సంఘములో చేరితే మనలను విడిచిరని బాధపడకుడి. సంఘపు ఉత్తరము మీరే పాస్టరుగారివద్ద వ్రాయించి పంపుడి.

కాగితము మాట కూడ చెప్పవలెను. ఇది ఆత్మీయ సంగతి కాదని కొందరందురు గాని, మాట తగవులలో పడి సాక్ష్యము పోగొట్టుకొనుటకంటె కాగితము మేలు. కిరాయి ఒప్పందములు పదకొండు నెలలకే ఎందుకు వ్రాయుదురు? 1908 నాటి రిజిస్ట్రేషను చట్టము ప్రకారము సంవత్సరము మించిన కౌలు పత్రమును రిజిస్టరు చేయింపవలెను. ఆ ఖర్చు, ఆ తిరుగుట తప్పించుకొనుటకే పదకొండు నెలలు. కాబట్టి తొమ్మిదేండ్లున్న కుటుంబమును కాగితము మీద పదకొండు నెలల అతిథియే. కాగితమే లేక నెలనెలా ఉండు ఇంటి విషయమై, 1882 నాటి ఆస్తి బదిలీ చట్టము ఇరుపక్షములకును పదునైదు దినముల నోటీసు విధించినది. అడ్వాన్సు ఎంత, కరెంటు మీటరు ఎవరిది, నీళ్ల ఖర్చు ఎవరిది, సున్నము ఎవరు వేయింపవలెను, ఇవన్నియు వ్రాసికొనుడి. కట్టిన కిరాయికి రసీదు అడుగుడి. అడుగుట అవమానము కాదు. ఎఫ్రోను పొలమును కొనినప్పుడు అబ్రాహాము ఊరి గుమ్మమున అందరు వినుచుండగా వెండి తూచి యిచ్చెను.

ఆ పొలము దేనికొరకు కొనెనో అదియే ఈ పాఠములో బరువైన సంగతి.

నేనెరిగిన ఒక కుటుంబము మెదకు ప్రాంతపు పల్లెనుండి వచ్చి మచ్చ బొల్లారములో రెండవ అంతస్తున తొమ్మిదేండ్లు ఉండెను. ఓనరు మంచివాడు. 2020లో లాక్‌డౌను వచ్చి పనులాగిపోయినప్పుడు రెండు నెలల కిరాయి అడుగలేదు. పండుగకు ఇరువురిండ్ల గిన్నెలు మెట్లు ఎక్కుచు దిగుచుండెను. ఆ యింటి పెద్దమ్మ ఒక రాత్రి ఆసుపత్రిలో ప్రభువునందు నిద్రించెను. కుమారుడు ఫోను చేసినప్పుడు ఓనరు చాలసేపు మాటలాడలేదు. తరువాత “నీకు తెలుసు గదా తమ్మీ, శవమును లోపలికి తేవద్దు, రేపు ఇంకెవరును కిరాయికి రారు” అని చెప్పెను. శవమును నేరుగా పల్లెకు తీసికొనిపోయిరి. తొమ్మిదేండ్లు ఆమెను ‘అమ్మా’ అని పిలిచిన ప్రక్క పోర్షనువారు ఆమె ముఖము చూడలేకపోయిరి. ఆ ఓనరు అన్యుడు కాడు. ఆదివారము గుడిలో మన ప్రక్కన కూర్చుండువాడే.

ఇది ఒక్కచోట జరిగినది కాదని మీకు తెలియును. కిరాయి యింట మైల పడునను భయము మన రాష్ట్రమంతట నున్నది. మైల అనునది మనము విడిచితిమని చెప్పుకొను సంగతులలో ఒకటి. యేసు నాయీను గుమ్మమునొద్ద పాడెను ముట్టెను. అయినను ఇల్లు కట్టి కిరాయికిచ్చునప్పటికి ఆ పాత భయము మెట్లెక్కి మన యింటిలోనికే వచ్చుచున్నది.

ఆదికాండము 23వ అధ్యాయము తీయుడి. శారా నూట ఇరువది యేడేండ్లు బ్రదికెను. అబ్రాహాము కనాను దేశము చేరినప్పుడు అతనికి డెబ్బదియైదు, ఆమె అతనికంటె పదియేండ్లు చిన్నది. లెక్క వేయుడి: అరువది రెండేండ్లు ఆమె ఆ దేశమున పరవాసిగా కాపురము చేసెను. అన్ని యేండ్ల తరువాత కూడ భార్యను పాతిపెట్టుటకు జానెడు నేల అబ్రాహామునకు లేకుండెను. అతడు లేచి హేతు కుమారుల యెదుట నిలిచి అడిగెను. వారు ఏమనిరి? మా సమాధులలో శ్రేష్ఠమైన దానిలో పాతిపెట్టుము, మాలో ఎవడును నీకు అడ్డు చెప్పడనిరి. అబ్రాహాము దానముగా తీసికొనక నాలుగు వందల తులముల వెండి యిచ్చి మక్పేలా గుహను కొనెను. అది వేరు సంగతి. వాగ్దాన దేశమందు అతడు కొనిన మొదటి నేల సమాధి అయినది. గాని హేతు కుమారుల జవాబు నన్ను విడువకున్నది. వారు అబ్రాహాము దేవుని ఎరుగనివారు. తమ మధ్య నివసించు పరదేశి యింట చావు వచ్చినప్పుడు వారు చోటు చూపిరి.

ఇది పట్టణపు ఓనర్లకు మాత్రమే అని తలంపకుడి. మన పల్లెలలో కూడ ఇప్పుడు గదులు కిరాయికిచ్చుచున్నాము. బడి పంతులమ్మ, ఆరోగ్య కేంద్రపు నర్సు, ఇటుక బట్టీ పనికి వచ్చిన ఒరియా కుటుంబము మన పెరటి గదులలో ఉన్నారు. వారింట పురుడు వచ్చినప్పుడు, చావు వచ్చినప్పుడు ఏమి చేయుదుమో ముందుగానే ఇంటిల్లిపాది కూర్చుండి మాటలాడుకొనవలెను. ఆ రాత్రి వచ్చిన తరువాత ఆలోచించుటకు వేళ యుండదు, భయమే మాటలాడును. గది ఇచ్చునాడే “మీ యింట ఏ కష్టము వచ్చినను ఈ వాకిలి మీదే” అని ఒక్క మాట చెప్పిన ఓనరును గూర్చి ఆ కిరాయిదారులు తరతరములు చెప్పుకొందురు. వాకిలి చాలనప్పుడు, ప్రక్కవారు తగవు పడునప్పుడు, గుడి వరండా ఉన్నది. దానిని తెరచుటకు సంఘపు పెద్దలు తీర్మానము వ్రాసి పెట్టుకొనుట మంచిది. ఆ శవము మన సంఘస్థునిదేనా అని ఆ వేళ అడుగకుందురు గాక.

పౌలు సంకెళ్లలో నుండి ఫిలేమోనునకు వ్రాసిన చిన్న పత్రిక ఈ రోమా యింటినుండియే వెళ్లినదని అనేకుల నమ్మకము. ఆ యింటికి వచ్చువారిలో యజమానుని విడిచి పారిపోయిన దాసుడు ఒనేసిము ఒకడు. అతని కొరకు ఎంతో బ్రతిమాలి, పత్రిక చివర పౌలు తన కొరకు ఒక చిన్న మాట అడుగుచున్నాడు. మీ ప్రార్థనలవలన నేను మీయొద్దకు రాగలనని నిరీక్షించుచున్నాను, నాకొక బస సిద్ధము చేయుమని. కుటుంబ ప్రార్థనలో ఈ పాఠము చదివిన యింట ఖాళీ గది ఉన్నయెడల, 22వ వచనమును మరియొకసారి చదువుడి.