ముడి చెప్పే మాట



మీ చీర కొంగు ఒకసారి చూసుకోండి. ముడి ఉందా? ఆ ముడిలో ఏముంది? పది రూపాయల నోటా? ఇంటి తాళం చెవా?

"సంతలో ఉప్పు తేవాలి. మరిచిపోతావు. కొంగుకు ముడేసుకో." మన అవ్వలు ఇలా చెప్పేవాళ్లు. ముడి చేతికి తగిలితే పని గుర్తుకొస్తుంది. చదువు రాని రోజుల్లో ముడే మన పలక.

మన ముడులు

ముడి అంటే కట్టడం ఒక్కటే కాదు. మాట ఇవ్వడం కూడా. పెళ్లిలో పసుపుతాడుకు మూడు ముళ్లు వేస్తారు. పెళ్లికూతురికీ పెళ్లికొడుక్కీ కొంగుముడి వేస్తారు. ఇద్దరూ ఒకటయ్యారని ఆ ముడి పదిమందికీ చెబుతుంది.

కష్టం వస్తే ఏడుకొండలవాడికి మొక్కుకుంటాం. పసుపు గుడ్డలో రూపాయి పెట్టి ముడి వేస్తాం. అదే ముడుపు. కొండకు పోయి చెల్లించేదాకా ఆ ముడి విప్పం.

పుట్టినరోజును ఉర్దూలో 'సాల్‌గిరా' అంటారు. హిందీలో 'వర్ష్‌గాంఠ్' అంటారు. రెండింటికీ అర్థం ఒకటే. ఏడాది ముడి! పూర్వం దారానికి ఏడాదికొక ముడి వేసి వయసు లెక్క పెట్టేవారు.

ముడులతో లెక్కలు

సముద్రాల అవతల దక్షిణ అమెరికాలో పెరూ అనే దేశం ఉంది. అక్కడి కొండల్లో సుమారు 500 ఏళ్ల కిందట 'ఇంకా' అనే రాజులు ఏలారు. వాళ్లకు మనలాగా అక్షరాలు లేవు. అయినా జనాభా లెక్క, పన్నుల లెక్క, ధాన్యం లెక్క అన్నీ ఉంచుకున్నారు. దేనిమీద? తాళ్లమీద!

ఒక లావు తాడుకు సన్న తాళ్లు వరసగా వేలాడదీసేవారు. వాటిని పత్తితో, ఉన్నితో పేనేవారు. ఈ తాళ్ల కట్ట పేరు 'కిపు'. ప్రతి సన్న తాడుకూ ముడులు ఉంటాయి. కింద ఒకట్లు. దాని పైన పదులు. ఆ పైన వందలు.

243 ఎలా వేస్తారు? పైన 2 ముడులు. మధ్యలో 4 ముడులు. కింద ఒకే పొడుగు ముడి, దానికి 3 చుట్లు. మరి సున్నా? అక్కడ ముడి వేయరు. ఖాళీగా వదిలేస్తారు. మనం పలకమీద నేర్చుకున్న లెక్కే కదా ఇది!

1532లో స్పెయిన్ దేశం వాళ్లు దండెత్తి వచ్చారు. ఇంకా రాజ్యం పోయింది. రానురాను ముడులు చదివేవాళ్లూ లేకుండా పోయారు. 1912లో లేలండ్ లాక్ అనే లెక్కల మాస్టారు ఆ అంకెలు చదివే దారి చూపించాడు. అంకెలు తెలిశాయి. కానీ అవి దేని లెక్కలు? మొక్కజొన్నలా? మనుషులా? చాలా తాళ్లు ఈనాటికీ ఆ సంగతి చెప్పడం లేదు.

ముడి నుంచి అక్షరానికి

ఈ చిక్కు మనకూ రావచ్చు. శెనక్కాయల కూలికి పోయారనుకోండి. రోజుకొక ముడి వేశారు. తొమ్మిది ముడులయ్యాయి. మేస్త్రి "ఎనిమిది రోజులే గదమ్మా" అంటాడు. ముడి తొమ్మిది అంటుంది. కానీ ఏ రోజు? ఎవరి కయ్యలో? ఎంత కూలికి? ముడి చెప్పదు. వేసిన మనిషికి తప్ప ఇంకొకరికి తెలియదు.

అదే తేదీ, పని, కూలి ఒక పుస్తకంలో రాసుకుంటే? ఎవరైనా చదవవచ్చు. లేదని దబాయించడం అంత సులువు కాదు.

ఇంకో ముచ్చట వినండి. పెద్ద పుస్తకాన్ని 'గ్రంథం' అంటారు. సంస్కృతంలో 'గ్రంథి' అంటే ముడి. పూర్వం తాటాకులమీద రాసేవారు. ఆకులకు బెజ్జం వేసి, తాడు దూర్చి, కట్టి దాచేవారు. ఏర్పేడు నుంచి బస్సెక్కితే తిరుపతి దగ్గరే. అక్కడ శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం వారి ప్రాచ్య పరిశోధన సంస్థలో అలాంటి తాటాకు గ్రంథాలు ఉన్నాయి.

కొంగుముడిని వదులుకోనక్కరలేదు. రూపాయిని కొంగున ముడేద్దాం. లెక్కను పుస్తకంలో రాద్దాం.

మాట్లాడుకోండి

1. మీ ఇంట్లో ఏయే పనులకు ముడులు వేస్తారు?
2. ముడి చెప్పలేనిది, అక్షరం చెప్పగలిగేది ఏమిటి?

రాయండి

ఈ వారం మీరు చేసిన పని, తేదీ, వచ్చిన కూలి వరసగా రాయండి. చివర మీ సంతకం పెట్టండి.