క్రీడోత్సవం వచ్చినప్పుడు ఊరికి మిగిలేదేమిటి?

2023 జనవరి 13 నుండి 29 వరకు పురుషుల హాకీ ప్రపంచ కప్ ఒడిశాలో జరిగింది. మొత్తం 44 పోటీలలో 24 భువనేశ్వర్‌లోని కళింగ స్టేడియంలోను, 20 రూర్కెలాలో కొత్తగా కట్టిన బిర్సా ముండా స్టేడియంలోను నిర్వహించారు. ఇటువంటి ఉత్సవం వలన ఊరికి కలిగే లాభనష్టాలను మూడు దశలుగా పరిశీలించవలెను.

మొదటిది నిర్మాణ దశ. మేస్త్రీలకు, కూలీలకు, రవాణా వాహనాలకు పని దొరుకుతుంది. కట్టడం పూర్తికాగానే ఆ పని ముగుస్తుంది.

రెండవది పోటీల దశ. బయటి నుండి వచ్చిన ప్రేక్షకుడు బండి వద్ద ఇడ్లీ తింటే, ఆ సొమ్ము పిండిమర, పాలవాడు, కూరగాయల అంగడి మీదుగా ఊరిలోనే తిరుగుతుంది. అతడు వేరే నగరపు సంస్థ నడిపే హోటలులో దిగితే, అందులో అధికభాగం ఊరు దాటిపోతుంది. స్థానికుడు టికెట్టుకు పెట్టిన ఖర్చు కూడ పూర్తిగా కొత్త ఆదాయం కాదు. సినిమాకో, బట్టలకో పెట్టవలసినదే ఇటు మళ్లి ఉండవచ్చును.

మూడవది పోటీల అనంతర దశ. రూర్కెలా నుండి భువనేశ్వర్‌కు ఆ జనవరిలోనే విమాన ప్రయాణాలు మొదలైనవి. పోటీలు ముగిసినను ఇటువంటి సౌకర్యం నిలిచినంత కాలం ఊరికి ఉపయోగమే. కాని కట్టడాలకు నిర్వహణ వ్యయం తప్పదు. 1976 ఒలింపిక్స్ జరిపిన మాంట్రియల్ నగరంలో ఆ స్టేడియం అప్పు తీరుటకు 2006 వరకు పట్టినది.

భద్రత, సుందరీకరణ పేరిట బండ్లను తొలగిస్తే, లాభం రావలసిన దినాలలోనే చిరువ్యాపారికి పూట గడవదు. 2014 నాటి వీధి వ్యాపారుల చట్టం ప్రకారం, ధ్రువపత్రంలో చూపిన స్థలం నుండి వ్యాపారిని తరలించుటకు ముందు 30 దినాల నోటీసు ఇవ్వవలెను. పట్టణ విక్రయ కమిటీలో కనీసం 40 శాతం వీధి వ్యాపారుల ప్రతినిధులే ఉండవలెను. వారిలో మూడవ వంతు స్త్రీలు. కనుక ధ్రువపత్రాన్ని భద్రపరచుకొనుడు. పోటీల దినాలలో బండ్లకు ఏ స్థలం కేటాయించెదరో కమిటీ ప్రతినిధిని ముందుగానే అడుగుడు.

ఆలోచించండి: మీ వీధిలో ఖర్చయిన రూపాయి ఎంతమంది చేతులు మారిన తరువాత ఊరు దాటుతున్నది?