నాటకం ముగిసింది, నేనింకా వేషంలోనే ఉన్నాను

సమస్య: అక్కా, మాది ఎట్టయాపురం పక్క పల్లె. ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. నాకు 27. కోవిల్‌పట్టిలో లెక్కలు రాసే ఉద్యోగం. కాలేజీ నాటి స్నేహితురాలిది విరుదునగర్. మా ఇద్దరికీ ఆడవాళ్ళంటేనే ఇష్టమని ఒకరి సంగతి ఒకరికి తెలుసు. పొంగలుకి ముందు, "చెన్నైలో ఫ్రెండు పెళ్ళికి నా పాత ప్రేయసి వస్తోంది. ఓ మూడు నెలలు నా జోడీగా నటించవే" అంది. షరతులు కాగితం మీద రాసుకుని మరీ ఒప్పుకున్నాను.

ఒకరోజు బస్టాండులో కడలమిఠాయి విరిచి సగం నా నోట్లో పెట్టింది. పైనుండే గులాబీరంగు కొబ్బరి తురుము పెదవికంటితే బొటనవేలితో తుడిచింది. నటన చూడ్డానికి అక్కడ మా వాళ్ళెవరూ లేరక్కా! ఆ రాత్రి నిద్రపోలేదు.

గడువు దాటి నాలుగు నెలలైంది. ఇంకా జోడీగానే తిరుగుతున్నాం. "మన సంగతేమిటే?" అంటే, "పేరు పెడితే పాడవుతుంది, బాగానే ఉందిగా" అంటుంది. ఇంట్లో మామ కొడుక్కి ఇస్తామంటున్నారు. తను మాటిస్తే ఎదురు తిరుగుతాను. ఇవ్వకపోతే?

సలహా: చెల్లీ, మామ కొడుకుని కాదనడానికి ఆమె మాటతో పనేముంది? ఆమె ఔనన్నా కాదన్నా ఆ కాపురం నీవల్ల కాదు. ఇంట్లో అన్నీ విప్పి చెప్పమనను. "ఈ పెళ్ళి చేసుకోను" అన్నది చాలు. బలవంతం ముదిరితే కోర్టు ఉంది. మధురై నుంచి చెన్నైకి పారిపోయిన ఇద్దరమ్మాయిల కేసులో 2021లో మద్రాసు హైకోర్టు వాళ్ళ పక్షాన నిలిచింది. (ఆ జడ్జి ఆనంద్ వెంకటేశ్ ముందు తన అపోహలు పోగొట్టుకోవడానికి తానే కౌన్సెలింగుకి వెళ్ళారు. అది నాకు భలే నచ్చింది.) పుట్టింటివాళ్ళు నిర్బంధించిన ఒక యువతి విషయంలో, పెళ్ళి ఒక్కటే కుటుంబానికి దారి కాదని 2025 మేలో అదే హైకోర్టు అంది. కానీ ఇద్దరు ఆడవాళ్ళ పెళ్ళికి 2023లో సుప్రీంకోర్టు గుర్తింపునివ్వలేదు. తాళీ రిజిస్ట్రారూ లేనిచోట మాట ఏమిటో మీరే తేల్చుకోవాలి.

ఆమె నీతో ఆటలాడుతోందనను. నువ్వు ప్రశ్న వేశావు గానీ మనసులో మాట చెప్పలేదు. ఇప్పుడు నటిస్తున్నది నువ్వే. ఉత్తుత్తి జోడీకి షరతులు రాసుకున్నవాళ్ళు అసలుదానికెందుకు జంకాలి? జన్మంతా అని అడిగితే భయపడుతుందేమో. ఒకే ఊళ్ళో ఉందామా, మధ్యలో ఇంకొకరితో తిరగడం ఉందా, జ్వరమొస్తే ఆస్పత్రిలో ఎవరు కూర్చుంటారు, ఇవి అడుగు. ప్రేమ నవలల్లో దొంగ జోడీ చివరి పేజీలో నిజమైపోతుంది, మర్నాటి అద్దె గొడవ రచయిత రాయరు.

కాదంటే నమ్ము. ఫోటోలు తీసేసి, కొన్నాళ్ళు దూరంగా ఉండు. ఈ మాట ఫోన్లో వద్దు, మీ ఊరికే రమ్మను. ఎట్టయాపురంలో సంగీతకారుడు ముత్తుస్వామి దీక్షితార్ సమాధి దగ్గర ఓ అరగంట కూర్చోండి. ఆ షరతుల కాగితం మర్చిపోకుండా పట్టుకెళ్ళు.