పెద్ద ట్యాంకులోకి ముందు వెళ్ళాల్సింది పాత స్పాంజి

"కొత్తింట్లోకి దిగుతున్నాం బాబూ. ఆదివారం గృహప్రవేశం. చుట్టాలు వచ్చేసరికి నాలుగడుగుల ట్యాంకులో చేపలు తిరుగుతూ కనిపించాలి." ఇళ్ళకీ ఆఫీసులకీ తిరిగి ఫిష్ ట్యాంకులు చూసుకునే కుర్రాళ్ళకి ఇలాంటి ఫోను తరచూ వస్తుంది, అదీ శుక్రవారం సాయంత్రం. సరేనని ఒప్పుకుంటే ఆదివారం అందరూ మెచ్చుకుంటారు. బుధవారం నాటికి చేపలు నీటి పైకొచ్చి నోళ్ళు తెరుస్తుంటాయి, రొయ్యలు ఒక్కొక్కటే పక్కకి ఒరిగిపోతుంటాయి. అందుకని ఈ పనిలోకి కొత్తగా వచ్చినవాళ్ళకి మొదట చెప్పేది ఇదే: ట్యాంకు నిలబెట్టడం ఒక రోజు పని, చేపల్ని మార్చడం ఇంకో రోజు పని. రెండుసార్లు రావడానికీ కలిపి డబ్బు మాట్లాడుకోండి. "అమ్మా, ట్యాంకు రేపు పెట్టి నీళ్ళు పోసి వెళతాను. చేపల్ని మాత్రం రెండు రోజులాగి నేనే వచ్చి వదులుతాను" అని ముందే చెప్పండి. ఎందుకో వివరించి చెబితే కాదనేవాళ్ళు తక్కువ.

ఆ ఎందుకన్నది మీకు బాగా తెలిసి ఉండాలి. చేప తన మొప్పల నుంచి అమ్మోనియా వదులుతూనే ఉంటుంది. తినకుండా వదిలేసిన మేత కుళ్ళినా అమ్మోనియాయే. ఒక రకం బ్యాక్టీరియా దాన్ని నైట్రైటుగా మారుస్తుంది, ఇంకో రకం ఆ నైట్రైటుని నైట్రేటుగా మారుస్తుంది. మొదటి రెండూ విషాలు. మూడోది కాస్త ఎక్కువైనా చేప ఓర్చుకుంటుంది. ఈ బ్యాక్టీరియా నీళ్ళలో తేలుతూ ఉండేది చాలా తక్కువ. ఫిల్టరులోని స్పాంజిని, సెరామిక్ రింగుల్ని, అడుగున గులకరాళ్ళని పట్టుకుని జిగురు పొరలా పెరుగుతుంది. కొత్త ట్యాంకులో అది దానంతటది కుదురుకోవాలంటే నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. చేపలు ఇప్పుడున్న పాత ట్యాంకులోని మురికి పట్టిన స్పాంజిలో అది ఇప్పటికే ఉంది.

నేను పనిలో చేరిన కొత్తల్లో ఒక ఇంట్లో ట్యాంకు మారుస్తూ, పాత ఫిల్టరు చూడ్డానికి బాగాలేదని స్పాంజిని కొళాయి కింద పెట్టి తెల్లగా అయ్యేదాకా పిండాను. మునిసిపల్ నీళ్ళలో క్లోరిన్ కలిపేదే సూక్ష్మజీవుల్ని చంపడానికి. ఆ ఇంటి నియాన్ టెట్రాలు నాలుగు రోజుల్లో ఒక్కటీ మిగల్లేదు. ఆ ఇంటి పాప వాటికి పేర్లు కూడా పెట్టుకుంది. అప్పటినుంచి పాత ట్యాంకు నీళ్ళనే బకెట్లో తీసుకుని, స్పాంజిని అందులో రెండుసార్లు మెల్లగా నొక్కి తీస్తాను, అంతే.

ట్యాంకు మార్చబోతున్నారని నెల ముందే తెలిస్తే మీ అదృష్టం. కొత్త ఫిల్టరుని తెప్పించి పాత ట్యాంకులోనే పాతదాని పక్కన నడపండి. మూడు నాలుగు వారాల్లో దానికీ బ్యాక్టీరియా పడుతుంది. మార్చే రోజున ఆ రెండు ఫిల్టర్లనీ పెద్ద ట్యాంకులో పెట్టేయొచ్చు. అంత వ్యవధి లేకపోతే పాత ఫిల్టరుని అలాగే తీసుకెళ్ళండి, పాత గులకరాళ్ళు కొన్ని వలసంచిలో కట్టి కొత్త ట్యాంకులో ఓ మూల వేలాడదీయండి. దారిలో స్పాంజి ఆరిపోకూడదు, మూత బిగించిన డబ్బాలో గంటలకొద్దీ ఉండకూడదు. ఆ బ్యాక్టీరియాకి తడీ కావాలి, గాలీ కావాలి. పాత నీళ్ళున్న బకెట్లో వేసి ఎయిర్ స్టోన్ పెట్టండి.

మొదటి రోజు పనిలో బరువు సంగతి ముందు చూడండి. రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు ఉన్న ట్యాంకులో నిండా పోస్తే 57 లీటర్లు. నాలుగడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తు ఉన్నదాంట్లో 255 లీటర్లు. అద్దం, రాళ్ళు, స్టాండు కలిపితే 300 కిలోలు దాటుతుంది. టీవీ బల్ల మీద పెట్టమంటే పెట్టకండి. రసమట్టంతో నాలుగు వైపులా చూసి, ట్యాంకు కింద థర్మాకోల్ షీటు వేసి, నీళ్ళు నింపి ఒక రాత్రి వదిలేయండి. అతుకుల దగ్గర వెనిగర్ లాంటి ఘాటు వాసన వస్తుంటే సిలికాన్ ఇంకా ఆరలేదని అర్థం. ఎంత తొందర ఉన్నా ఆరేదాకా ఆగాల్సిందే.

నీళ్ళ విషయంలో ఒక ఇంటి లెక్క ఇంకో ఇంటికి పనికిరాదు. మునిసిపల్ నీళ్ళయితే యాంటీ క్లోరిన్ వేయాలి, అదీ మొత్తం ట్యాంకుకి సరిపడా. బోరు నీళ్ళలో క్లోరిన్ ఉండదు. కానీ భూమిలోంచి వచ్చే ఆ నీటిలో తరచుగా ప్రాణవాయువు తక్కువ, కార్బన్ డయాక్సైడు ఎక్కువ. ఒక రోజంతా ఎయిర్ పంపు నడిస్తేగాని దాని అసలు పీహెచ్ ఎంతో తేలదు. అప్పుడే తోడిన నీళ్ళలో చూసిన అంకెని నమ్మొద్దు. ఆర్‌ఓ నీళ్ళు శుభ్రమైనవని కొందరు మొత్తం అవే పోయమంటారు. వాటిలో కాల్షియం, మెగ్నీషియం దాదాపు ఉండవు. రొయ్యకి కుబుసం విడిచాక కొత్త గుల్ల గట్టిపడాలంటే అవే ఆధారం. వాడితే బోరు నీళ్ళతో కలిపే వాడాలి.

వీలైతే మార్చడానికి పది రోజుల ముందు నుంచీ, పాత ట్యాంకులో రోజు విడిచి రోజు పదో వంతు నీళ్ళు తీసి, కొత్త ట్యాంకుకి వాడబోయే నీళ్ళనే పోయమని ఇంటివాళ్ళకి చెప్పండి. చేపలు పాత చోట ఉండగానే కొత్త నీటికి సగం అలవాటు పడతాయి. ఈ చిన్న పని చేసిన ఇళ్ళలో నాకు ఇబ్బంది ఎదురైంది చాలా తక్కువ.

దీని వెనక ఇంకో సంగతి ఉంది. నెలల తరబడి నీళ్ళు మార్చని ట్యాంకులో బ్యాక్టీరియా చేసే పని వల్లనే పీహెచ్ దిగిపోతూ ఉంటుంది. ఆరున్నర దగ్గరున్న నీటిలో అమ్మోనియా దాదాపుగా అపాయం చేయని రూపంలోనే ఉంటుంది, చేపలు బాగానే ఉన్నట్టు కనిపిస్తాయి. నీటి పీహెచ్ ఏడు నుంచి ఎనిమిదికి పెరిగితే విషరూపంలో ఉండే భాగం సుమారు పది రెట్లవుతుంది. నీరు వెచ్చగా ఉంటే ఇంకా ఎక్కువ. కాబట్టి పాత ట్యాంకు అడుగున పేరుకున్న బురదతో సహా నీళ్ళన్నీ తీసుకెళ్ళి, పీహెచ్ ఎక్కువున్న బోరు నీళ్ళలో కలపడం ప్రమాదం. పైనున్న తేట నీళ్ళు మాత్రమే తీసుకెళ్ళండి. చేపలన్నీ బయటికొచ్చేదాకా అడుగునున్న గులకరాళ్ళు కదిలించకండి.

మార్చే ముందు రోజు మేత వేయొద్దని చెప్పండి. ఖాళీ కడుపుతో ఉన్న చేప బకెట్లో నీళ్ళు పాడుచేయదు. ట్యాంకులో నీళ్ళు మూడో వంతుకి దించి, లైటు ఆర్పి, దాక్కునే రాళ్ళూ మొక్కలూ ముందు తీసేస్తే పరిగెత్తించకుండానే దొరుకుతాయి. క్యాట్‌ఫిష్‌లని వలతో పట్టకండి. వాటి పక్క రెక్కల ముళ్ళు వలలో ఇరుక్కుంటాయి, లాగితే విరుగుతాయి. డబ్బాతో తీయండి. బకెట్లు ట్యాంకు పనికి మాత్రమే వాడేవై ఉండాలి. ఒక్కసారి బట్టల సబ్బు తగిలిన బకెట్ ఎప్పటికీ వద్దు.

అదే ఇంట్లో ఒక గదిలోంచి ఇంకో గదిలోకైతే చేపల్ని నెమ్మదిగా అలవాటు చేయడానికి అరగంట నుంచి గంట పడుతుంది. బకెట్లోకి కొత్త నీళ్ళు గ్లాసుతో కొద్దికొద్దిగా కలుపుతూ, గాలి అందుతూ ఉంటే చాలు. షాపు నుంచో ఊరి నుంచో గంటల తరబడి సంచిలో వచ్చిన చేపల సంగతి వేరు. సంచిలో అమ్మోనియా పోగవుతుంది, అయితే చేప వదిలిన కార్బన్ డయాక్సైడు వల్ల పీహెచ్ తగ్గి ఉండడంతో అది పెద్దగా హాని చేయదు. సంచి విప్పగానే ఆ వాయువు పోతుంది, పీహెచ్ పెరుగుతుంది, అమ్మోనియా విషమవుతుంది. అలాంటప్పుడు మూతి కట్టిన సంచినే పదిహేను ఇరవై నిమిషాలు తేలేసి వేడి సరిచేసి, విప్పాక ఆలస్యం చేయకుండా చేపల్ని వదిలేయాలి. సంచిలో నీళ్ళు ట్యాంకులో పోయకూడదు.

రొయ్యల్ని అన్నిటికన్నా చివర మార్చండి. చెర్రీ రొయ్యలు గాజు మీదా ఆకుల మీదా పట్టే పాచి పొరనే రోజంతా గీరుకుని తింటాయి, కొత్త ట్యాంకులో అది ఇంకా ఉండదు. నా మాట వింటే చేపలు వెళ్ళాక ఒకటి రెండు వారాలు వాటిని పాత ట్యాంకులోనే చిన్న స్పాంజి ఫిల్టరు పెట్టి ఉంచుతారు. పట్టడానికి కీరదోస ముక్క బాగా కడిగి, తొక్క తీసి, రాత్రి పూట అడుగున వేయండి. అన్నీ దాని మీద చేరాక గ్లాసుతో తీయొచ్చు. పొట్ట కింద గుడ్లున్న తల్లిని వలలో కుదిపితే గుడ్లు వదిలేస్తుంది. అప్పుడే కుబుసం విడిచి మెత్తగా ఉన్నదాన్ని ఆ రోజుకి ముట్టుకోకండి. పాత ఫిల్టరునీ నాచునీ కొత్త ట్యాంకులోకి మార్చేముందు కాసేపు బకెట్లో పెట్టి చూడండి, బియ్యపు గింజంత కూడా లేని పిల్లలు వాటిలో ఉంటాయి.

భీమవరం వైపు చెరువుల్లో రొయ్య సీడు వదిలేవాళ్ళు హేచరీ సంచుల్ని నేరుగా కుమ్మరించరు. చల్లటి పూట చూసుకుని నీళ్ళ మీద తేలేస్తారు, చెరువు నీళ్ళు కొంచెం కొంచెంగా కలుపుతారు. ఉప్పు శాతం తేడా ఎక్కువుంటే బయల్దేరకముందే తగ్గించి పంపమని హేచరీకి చెబుతారు. మన పని కూడా అదే, కొలత చిన్నది. మెడికల్ షాపులో కొత్త సెలైన్ సెట్టు కొనుక్కోండి. ట్యాంకు నుంచి రొయ్యల డబ్బాలోకి సెకనుకి ఒకటి రెండు చుక్కలు పడేలా చక్రం తిప్పి పెట్టండి. రెండు మూడు గంటల్లో డబ్బాలో నీళ్ళు మూడింతలవ్వాలి. టీడీఎస్ మీటరుతో రెండు నీళ్ళూ చూసి, అంకెలు దగ్గరకొచ్చాకే వదలండి. తొందరపడితే ఆ రోజు ఏమీ కాదు, తర్వాత కుబుసం విడిచే వేళ చనిపోతాయి.

వదిలే ముందు ఇంటివాళ్ళని రెండు ప్రశ్నలు అడగండి. ఈ ట్యాంకులో గానీ రాళ్ళలో గానీ ఎప్పుడైనా రాగి కలిసిన మందు వేశారా? మైలుతుత్తం కొద్ది మోతాదులోనూ రొయ్యని చంపుతుంది, అది రాళ్ళలో నిలిచి ఉండొచ్చు. గదిలో దోమల మందు, బొద్దింకల మందు కొడుతున్నారా? వాటిలో ఉండే పైరెత్రాయిడ్లు రొయ్యలకి మహా ప్రమాదం, చేపలకీ మంచివి కావు. ఆఫీసుల్లో శనివారం పెస్ట్ కంట్రోల్ వాళ్ళు వచ్చి వెళ్ళిన సంగతి మనకి ఎవరూ చెప్పరు. ఫిల్టరు నీళ్ళు పీల్చేచోట స్పాంజి తొడగడం, ఏంజెల్ చేపలుంటే అక్కడ రొయ్యలు వద్దనడం కూడా మన బాధ్యతే.

మొదటి రాత్రి లైటు వద్దు, మేత వద్దు, మూత మాత్రం తప్పకుండా ఉండాలి. కొత్త చోట చేపలు బయటికి దూకుతాయి. వారం రోజులు మేత సగమే. రోజూ అమ్మోనియా, నైట్రైటు పరీక్ష చేయాలి, ఏ కాస్త కనిపించినా పాతిక శాతం నీళ్ళు మార్చాలి. ట్యాంకు బోసిగా ఉంది, ఇంకో పది చేపలు తెమ్మంటారు. బ్యాక్టీరియా పాత చేపలకి సరిపడా మాత్రమే ఉందని చెప్పి నెల రోజులు ఆపండి. మూడో రోజూ ఏడో రోజూ మీరే ఫోన్ చేసి అడగండి.

ఇక మీ ఒంటి సంగతి. నీళ్ళు తీసే ముందు హీటరు ప్లగ్గు పీకి పదిహేను నిమిషాలాగండి. వేడిగా ఉండగా గాలి తగిలితే గాజు పగులుతుంది. నీళ్ళున్న ట్యాంకుని, సగమే ఉన్నా సరే, ఎత్తకండి. పైపుని నోటితో పీల్చకండి, నీళ్ళలో ముంచి నింపి వదిలితే అదే పారుతుంది. చేతికి కోసుకున్న గాయం ఉంటే గ్లవ్స్ లేకుండా చెయ్యి ముంచకండి. ట్యాంకు నీటిలో ఉండే ఒక రకం మైకోబ్యాక్టీరియా గాయంలోంచి చర్మంలోకి చేరి వారాల తరబడి మానని గడ్డలు లేపుతుంది, మామూలు మందులకి తగ్గదు. వేళ్ళ మీదో చేతి మీదో అలాంటి పుండు కనిపిస్తే డాక్టరుకి ముందుగా "నేను చేపల ట్యాంకులు కడుగుతాను" అని చెప్పండి. ఆయన అడక్కపోయినా చెప్పండి.