గుఱ్ఱపు డెక్క

పుష్పము లేనిదే మనకు పూజ లేదు. అయినను చూడచక్కని ప్రతి పుష్పమును ఇంటికి తెచ్చుకొనదగినది కాదు. ఇందులకు గుఱ్ఱపు డెక్కయే నిదర్శనము. ఆంధ్రదేశమున కొల్లేటి సరస్సును, గోదావరి కాలువలను కప్పివేయు ఈ మొక్కయే మన నటాలు సీమలోని ఉమ్గేని నదిపైనను కనబడును. ఆకు గుఱ్ఱపు గిట్టను పోలియుండుటచే దీనికి ఆ పేరు గలిగెను.

దీని జన్మస్థానము దక్షిణ అమెరికాలోని అమెజాన్ నదీప్రాంతము. పూవు లేత ఊదా వన్నె గలది. పై రేకుమీద నెమలికన్నువంటి పసుపు మచ్చ యుండును. ఆ సొగసును చూచియే జనులు దీనిని తోటలలోని కొలనులకు కొనిపోయిరి. దక్షిణాఫ్రికాకు ఇరువదవ శతాబ్దపు తొలినాళ్ళలో వచ్చెను.

ఆకుకాడలు గాలితో ఉబ్బియుండుటచే మొక్క నీటిపై తేలును. పిలకలు వేయుచు, అనువైనచోట రెండు వారములలోనే రెట్టింపగును. విత్తనము అడుగు బురదలో 15 సంవత్సరములైనను బ్రతికియుండును. పట్టణముల మురుగు, పొలములనుండి కొట్టుకొనివచ్చు ఎరువు దీనికి బలము. నీరు కప్పబడగా వెలుతురును, ప్రాణవాయువును చాలక చేపలు నశించును, దోమలు పెరుగును.

ఈ పాఠము చెప్పుచుండగా ఒక బాలిక, “అయ్యవారూ, మనమును ఓడలో వచ్చినవారమే గదా! మనమును కలుపుమొక్కలమేనా?” అని అడిగెను. 1860 నవంబరు 16న ట్రూరో ఓడ డర్బనుకు చేరిననాటినుండి మన పెద్దలు పరాయివారను మాటను పలుమారులు వినిరి. కావున ఆ ప్రశ్న నా మనస్సును తాకెను.

నేనిట్లంటిని: “అమ్మా, మిరపయు అమెరికానుండి వచ్చినదే. అది లేక ఆంధ్రుల ఊరగాయ యున్నదా? బయటినుండి వచ్చుట దోషము కాదు. పుట్టినచోట గుఱ్ఱపు డెక్కను తిను పురుగులు దానిని అదుపులో నుంచును. అవి లేనిచోట దానికి హద్దు లేదు. మొక్కకు తాను చేయు కీడు తెలియదు. మనుష్యుడు తెలిసికొని నడువగలడు. ఆ పోలిక మనకు చెల్లదు.”

అందుచేతనే 1974లో ఈ దేశమున దాని ముక్కుపురుగులను నీటిపై వదలిరి. 2013లో ఆకురసము పీల్చు మరియొక చిన్న పురుగును వదలిరి. హార్ట్‌బీస్పూర్ట్ జలాశయమున 2018 నుండి దీనిని విరివిగా వదలగా మొక్క చాలవఱకు తగ్గెను. కాని విత్తనమునుండి మరల మొలచుచునే యుండును. కావున ఓపిక వలయును.

మన వంతు ఏమి? ఈ దేశపు నిబంధనల ప్రకారము దీనిని పెంచుటయు, అమ్ముటయు నిషిద్ధము. నదినుండి ఒక్క పిలకనైనను ఇంటి తొట్టికి తేరాదు. తొలగించిన మొక్కను మరల నీటిలో పడవేయక, ఒడ్డుకు దూరముగ ఎండబెట్టవలెను. మనము దీపము విడుచు నీరు నిర్మలముగ నుండుటకు ఇదియు ఒక సేవయే.