పెరటిలో యుక్కా మొక్క పెంపకము

కడియము మొదలగు చోట్ల నర్సరీల నుండి మన గ్రామములకు వచ్చుచున్న అందపు మొక్కలలో యుక్కా ఒకటి. కత్తుల వంటి పొడవైన ఆకులు గుత్తిగా విచ్చుకొని యుండుటచే చూచువారికి ఇది కిత్తనార వలె తోచును. కొని తెచ్చినవారు దీనిని నూతి చప్టా ప్రక్కనో, స్నానాల గది నీరు పారు చోటనో నాటుదురు. రెండు వర్షాకాలములు గడచుసరికి మొదలు మెత్తబడి తల వాలిపోవును. తెగులు సోకినదని మందు కొరకు అడుగుదురు. చాలా సందర్భములలో దోషము నీటిదే. కుళ్ళు దాని వెనుక వచ్చినది.

ఈ మొక్క పుట్టిల్లు మెక్సికో, గ్వాటెమాలా, అమెరికా సంయుక్త రాష్ట్రములు. అచ్చట పెక్కు జాతులు ఎడారి అంచులలోను, రాతి గుట్టల మీదను, సముద్రపుటొడ్డు ఇసుక దిబ్బలలోను పెరుగును. వాన కురిసినను నీరు నిలువని చోట్లు అవి. మన పెరటిలోను అట్టి చోటు చూపినచో ఎక్కువ శ్రమ లేకయే పెరుగును.

పేరును గూర్చి ఒక హెచ్చరిక. అమెరికా దేశములలో కర్రపెండలపు దుంపను ‘యుకా’ అందురు. వృక్షశాస్త్రజ్ఞుడు లిన్నేయస్ 1753లో ఈ పూల మొక్కకు స్థిరపరచిన పేరు, అంతకు ముందే జరిగిన పొరపాటు వలన, ఆ దుంప పేరు నుండియే వచ్చినది. అమెరికాలోనున్న మన పిల్లలు యుకా దుంప వండుకొంటిమని చెప్పగా విని, పెరటి యుక్కా వేరును త్రవ్వి వండరాదు. సామర్లకోట, పెద్దాపురము ప్రాంతములలో సగ్గుబియ్యమునకు వాడు కర్రపెండలము వేరు, ఇది వేరు. యుక్కా వేరులో సబ్బువలె నురుగునిచ్చు సాపోనిన్ అను పదార్థము కలదు. అమెరికాలోని ఆదివాసులు కొన్ని జాతుల వేళ్ళను తల రుద్దుకొనుటకు వాడిరి. ఆకులు, వేళ్ళు తినిన కుక్కలకు, పిల్లులకు వాంతులు కలుగవచ్చును.

పెంపకమునకు వచ్చు జాతులలో మూడింటిని గుర్తించిన చాలును. యుక్కా అలోయిఫోలియా ఆకు బిరుసుగా నుండి, కొన సూదివలె నుండును. దీనిని ఆంగ్లములో స్పానిష్ బాయొనెట్ అందురు. బాయొనెట్ అనగా తుపాకి కొనకు తగిలించు కత్తి; ఆ పేరు ఊరక రాలేదు. యుక్కా గ్లోరియోసా ఆకు కొంత వంగునదియైనను కొన వాడిదే. మూడవది ఏనుగు యుక్కా. దీని మొదలు ఏనుగు పాదమువలె లావెక్కును. ఆకు కొన గ్రుచ్చుకొనదు. చిన్నపిల్లలున్న ఇండ్లలోను, పాఠశాల, పంచాయతీ కార్యాలయము వంటి చోట్లను ఈ మూడవ జాతినే నాటవలెను. గ్రామోద్యోగులు ఈ విషయమున పట్టుదలగా నుండుట మంచిది. వాడి ఆకు సరిగా పిల్లవాని కంటి ఎత్తున నుండును. మిగిలిన జాతులను నడక దారికి ఆరడుగుల దూరముననే నాటి, ఆకు కొనలను అర అంగుళము మేర కత్తెరతో కత్తిరించుచుండవలెను. కంటికి కొన తగిలినచో నలుపక, పసరు పోయక, వెంటనే కంటి వైద్యునికి చూపవలెను.

గరపనేల, చల్కానేల దీనికి బాగుగా సరిపడును. చిక్కంతయు నల్లరేగడిలోనే. రేగడిలో గుంట త్రవ్వి ఇసుక నింపినంత మాత్రమున లాభము లేదు. చుట్టునున్న నీరు ఆ గుంటలోనికే దిగి కుండవలె నిలుచును. కావున గుంట త్రవ్వుటకు మారుగా, నేలపై అడుగున్నర ఎత్తు, నాలుగడుగుల వెడల్పు గల దిబ్బ వేయవలెను. రెండు పాళ్ళు ఎఱ్ఱమట్టి, రెండు పాళ్ళు గరుకు ఇసుక, ఒక పాలు బాగుగా చివికిన పశువుల ఎరువు కలిపి, అడుగున ఇటుక ముక్కలు పరచవలెను. దిబ్బపై మొక్కను నర్సరీలో ఎంత లోతున నుండెనో అంతే లోతున నాటవలెను. మొదలు చుట్టు మట్టి ఎగదోయరాదు. రోజుకు ఆరు గంటలైనను ఎండ తగులు చోటు కావలెను. ఏనుగు యుక్కా మాత్రము కుండీలో వసారా నీడనైనను కొంతకాలము ఓర్చుకొనును.

నాటిన మొదటి వేసవిలో వారమునకొకసారి, పిమ్మట వేసవులలో రెండు వారములకొకసారి తడిపిన చాలును. వ్రేలిని రెండు అంగుళములు మట్టిలోనికి దింపి చూచి, తడి తగిలినచో ఆనాడు నీరు పోయరాదు. వానలు పడుచున్నప్పుడు నీరు అక్కరలేదు. తులసికోటకు పోసినట్లు నిత్యము చెంబెడు నీరు పోయుట దీనికి పడదు. ఎరువు విషయమునను ఇంతే: తొలకరికి ముందు ఒక గంపలో నాలుగవ వంతు చివికిన ఎరువు వేసిన సరిపోవును.

అడుగు ఆకులు ఒకటొకటిగా పండి ఎండుట సహజము, భయపడనక్కరలేదు. నడిమి మొవ్వు వడలి, మొదలు నొక్కిన మెత్తగా దిగినచో అది కుళ్ళు. అప్పుడు మందు చల్లి కాలహరణము చేయక, గట్టిగానున్న పైభాగమును కోసి, కోత లోపల గోధుమరంగు మచ్చ కనిపించినంత వరకు తొలగించి, నీడలో వారము రోజులు ఆరబెట్టి, పొడి ఇసుక మట్టిలో నాటవలెను. ఇట్లు మొక్కను నిలుపుకొనవచ్చును. క్రొత్త మొక్కలకును అడుగు పొడవు కాండపు ముక్కలను, మొదటి పిలకలను ఇట్లే ఆరబెట్టి నాటుదురు. ముక్కను తలక్రిందులుగా పెట్టకుండ పైకొనకు సున్నపు గుర్తు పెట్టుకొనవలెను.

ఆకుల మొదళ్ళలో పిండినల్లి, పొలుసు పురుగు చేరవచ్చును. చీమల బారు కనిపించినచో ఆకుల సందులు విప్పి చూడవలెను. తడిగుడ్డతో తుడిచి, లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, కొంచెము సబ్బు నీరు కలిపి సాయంకాలము చల్లవలెను.

కొన్ని ఏండ్లకు నడిమి నుండి కాడ లేచి, గంటలవంటి తెల్లని పూలు గుత్తులుగా పూయును. మధ్య అమెరికాలోని ఎల్ సాల్వడారు దేశమునకు ఏనుగు యుక్కా పూవు 1995 నుండి జాతీయ పుష్పము. అచ్చట దాని రేకులను గ్రుడ్లతో కలిపి వండుకొందురు. పూలు నిండుగా పూసినను మన పెరటిలో తరచు కాయ పట్టదు. యుక్కాకు పరాగమును చేర్చు పనిని దాని స్వస్థలములో ఒక చిన్న తెల్లని చిమ్మట చేయును. అది పుప్పొడిని ఉండగా చేసి, మరొక పూవు అండాశయములో గ్రుడ్లు పెట్టి, ఆ పుప్పొడిని కీలాగ్రమున అద్దును. దాని పిల్లలు కొన్ని గింజలు తిని మిగిలినవి విడిచిపెట్టును. 1870 తరువాతి సంవత్సరములలో ఎంగెల్‌మన్, రైలీ అను శాస్త్రజ్ఞులు ఈ సంగతిని వెల్లడించిరి. ఆ చిమ్మట మన దేశపుది కాదు. గింజ కావలసినవారు కుంచెతో పుప్పొడి అద్ది ప్రయత్నింపవచ్చును గాని, పిలకలుండగా ఆ శ్రమ ఎందులకు?

కిత్తనార పూయగానే చచ్చును, యుక్కా చావదు. పూసిన తల ఎదుగుట మానినను ప్రక్క నుండి క్రొత్త తలలు వచ్చును. పూలు రాలిన పిమ్మట కాడను మొదటికి కోసివేసి, కోత పచ్చిగా నున్నన్నాళ్ళు దానిపై నీరు పడకుండ చూడవలెను.